నీతి, చట్టం మీద ఆన్‌లైన్ కోర్సు: మూడు స్టార్లు, అదీ మూడో వారం కోసం

ఆరు వారాల రికార్డెడ్ కోర్సు. నీతి అందరికీ ఒకటేనా, ఎవరికి తోచింది వాళ్లదేనా, చట్టానికి దానితో ఏం పని అన్నది విషయం. కోర్సు పేరు చెప్పను, వాళ్లతో నా పంచాయితీ ఇంకా తేలలేదు.

మొదటి రెండు వారాలు దాటేసినా నష్టం లేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ గురించి మొదలయ్యాక నేను రెండుసార్లు నిద్రపోయాను.

మూడో వారం మాత్రం హెడ్‌ఫోన్స్ తీయబుద్ధి కాలేదు. 1884లో మిగ్నొనెట్ అనే చిన్న పడవ నడిసముద్రంలో మునిగింది. నలుగురు లైఫ్‌బోట్‌లో పడ్డారు. రెండు టర్నిప్ డబ్బాలు, తాగడానికి చుక్క నీళ్లు లేవు. దాదాపు మూడు వారాలకి, ఉప్పునీళ్లు తాగి జబ్బుపడ్డ పదిహేడేళ్ల పార్కర్‌ను కెప్టెన్ డడ్లీ చిన్న కత్తితో చంపాడు. స్టీఫెన్స్ ఒప్పుకున్నాడు, బ్రూక్స్ ఒప్పుకోలేదు. కానీ తినేటప్పుడు ముగ్గురూ తిన్నారు. ఒడ్డుకు చేరాక జరిగింది దాచలేదు, ఇది నేరమవుతుందని వాళ్లకి తట్టనే లేదు. ఇంగ్లండ్ కోర్టు డడ్లీ, స్టీఫెన్స్ ఇద్దరికీ మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు. అధ్యాపకుడు ఇక్కడ ఆగి అడుగుతాడు: "తప్పని తేల్చింది చట్టం. శిక్ష తగ్గించింది ఏది?" వీడియో పాజ్ చేసి చాలాసేపు కూర్చున్నాను.

నాలుగో వారం కూడా బాగుంది. జర్మనీలో హిట్లర్‌ను తిట్టాడని 1944లో ఒక భార్య తన భర్తను పట్టించింది. అప్పటి చట్టం ప్రకారం తను చేసింది తప్పు కాదని ఆమె వాదన. 1949లో కోర్టు ఆమెను దోషి అంది. చట్టానికి ఉండాల్సిన కనీస నీతికి అంత దూరమైపోయినది అసలు చట్టమే కాదని న్యాయతత్వవేత్త ఫుల్లర్ వాదన. చట్టమే, కానీ చెడ్డది, శిక్షించాలంటే వెనక్కి వర్తించే కొత్త చట్టం చేసి ఆ సంగతి పైకే చెప్పండి అని ఇంకో న్యాయతత్వవేత్త హార్ట్. 1958లో వీళ్లిద్దరూ వాదించుకున్న తీరు ఇక్కడ చక్కగా చెప్పారు. నాకు హార్టే నచ్చాడు, చేసేది దాచకుండా చేయమన్నందుకు.

ఐదో వారం చప్పగా ఉంది. ఏ సమాజానికి ఆ సమాజమే సరైతే, దాన్ని లోపలి నుంచి ఎదిరించినవాళ్లంతా తప్పేనా? ఈ ప్రశ్న ఎత్తి రెండు నిమిషాల్లో వదిలేశారు. కోర్సుకి గుండెకాయ ఇదే కదండీ!

ఇక అసలు గొడవ. క్విజ్‌లో ఆఖరి ప్రశ్న: నీతి (అ) అందరికీ ఒకటే (ఆ) మనిషిని బట్టి, ఒకటే ఎంచుకోండి. నేను (అ) పెట్టాను. తప్పన్నారు. కారణం: "మనుషులు దీని మీద ఏకీభవించరు కాబట్టి." ఒక లెక్క దగ్గర పదిమంది కొట్టుకుంటే ఆ లెక్కకి జవాబే లేదంటామా? మెయిల్ పెట్టాను. ఆటోమేటిక్ జవాబు వచ్చింది, మార్కు రాలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. క్విజ్ సబ్‌మిట్ చేసేముందు "ఎవరి సాయమూ తీసుకోలేదు" అని టిక్ పెట్టమంటారు. ఏడో ప్రశ్నకి జవాబు చెప్పింది మా ఆవిడ. అయినా టిక్ పెట్టేశాను. అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు, కానీ ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది. సర్టిఫికెట్ వచ్చి వారమైంది, ఇంకా ప్రింట్ తీయలేదు. తీస్తే తన పేరు కూడా వేయించమంటోంది మా ఆవిడ.