కావలివాడి కళ్లు గప్పాలంటే: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దాక్కునే రూల్స్ ఎలా ఉన్నాయి

మాది నెల్లూరు జిల్లా కావలి. శనివారం రాత్రుళ్లు మా మేడ మీద గదిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట. నేను డీఎంని, అంటే కథ చెప్పి తీర్పులిచ్చేవాణ్ణి, ఆడేవాళ్లు నలుగురు, అందులో ఒకరు మా బావ. మాటలన్నీ తెలుగే, పుస్తకం మాత్రం ఇంగ్లీషు. 2014 నాటి రూల్స్ పుస్తకంతో మొదలుపెట్టాం, తర్వాత దాన్ని మార్చి రాసిన 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో తెప్పించాను (అట్ట మూల నలిగి వచ్చింది, లోపల పేజీలు బాగానే ఉన్నాయి). 384 పేజీల గురించీ ఇక్కడ రాయను. మా ఆటలో అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చిన ఒక్క విషయం గురించి రాస్తాను: దాక్కోవడం.

పాత పుస్తకంలో ఇబ్బంది ఏమిటంటే, ఎప్పుడు దాక్కోవచ్చో డీఎం చూసుకోవాలి అని వదిలేశారు. నిన్ను స్పష్టంగా చూస్తున్నవాడి దగ్గర దాక్కోలేవు అన్నారు, సరే, మరి స్తంభం పక్కన సగం ఒళ్లు కనపడుతుంటే? మసక వెలుతురైతే? ప్రతి వారం నేనొకటి చెప్పడం, పోయిన వారం ఇంకోలా చెప్పావు కదా అని వాళ్లు అనడం. కొత్త పుస్తకం దీన్ని బాగా తేల్చింది. చిక్కటి చీకటో పొగమంచో ఉండాలి, లేదంటే కనీసం ముప్పాతిక చాటు ఉండాలి, పైగా ఏ శత్రువు చూపులోనూ ఉండకూడదు. అప్పుడు ఇరవై ముఖాల డైస్ వేసి, దానికి నీ స్టెల్త్ (నక్కి ఉండే నేర్పు) అంకె కలిపితే 15 దాటాలి, సరిగ్గా 15 వచ్చినా చాలు. ఎంత వచ్చిందో రాసి పెట్టుకుంటే, నిన్ను వెతికేవాడు పర్సెప్షన్‌లో (గమనించే నేర్పు) అలాగే డైస్ వేసి ఆ అంకె అందుకోవాలి. ఈ భాగానికి పూర్తి మార్కులు ఇస్తాను. రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడేవాళ్లకైతే పండగే, స్తంభం చాటున దాక్కుని అక్కడినుంచే బాణం వేస్తే అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, దానితో స్నీక్ అటాక్ (రోగ్‌కి ఉండే అదనపు దెబ్బ) వస్తుంది, నన్ను బతిమాలుకునే పని లేదు.

గొడవంతా ఆ తర్వాతి వాక్యంతో. డైస్ నెగ్గితే నీకు ఇన్విజిబుల్ కండిషన్ (కంటికి కనపడని స్థితి) వస్తుంది అని రాశారు. మంత్రం వేసుకుని మాయమైనవాడికి వచ్చేదీ అదే కండిషన్.

ఉదయగిరి కోటను మనసులో పెట్టుకుని నేనొక కథ అల్లాను. రాయలవారు 1514లో ఆ కోట పట్టుకున్నారు కదా, దానికి ముందు ముట్టడి రోజుల్లో లోపలికి వేగులవాళ్లు దూరినట్టు. బావ పాత్ర మూడో లెవల్ రోగ్, స్టెల్త్‌కి ఏడు కలుస్తుంది. కూలిన గోడ వెనక దాక్కున్నాడు, డైస్ మీద 15 పడింది, మొత్తం 22. ఎదురుగా ముప్పై అడుగుల ఖాళీ ఆవరణ, గోడకు కాగడా, దాని కింద ఇటే చూస్తూ కావలివాడు. బావ చింతగింజను (మాకు బొమ్మలు లేవు, చింతగింజలే) గోడ చాటునుంచి తీసి ఆవరణ మధ్యలోంచి నడిపించుకుంటూ పోయాడు.

"బావా, వాడు చూస్తున్నాడు."

"చూడనీ. నాకు ఇన్విజిబుల్ ఉంది, పుస్తకంలో చదువుకో."

చదివాం. దాగి ఉండటం ఎప్పుడు పోతుందో నాలుగే రాశారు: గుసగుస కంటే గట్టిగా చప్పుడు చేస్తే, శత్రువు నిన్ను కనిపెడితే, దాడికి డైస్ వేస్తే, నోటితో పలికే మంత్రం వేస్తే. చాటులోంచి బయటికి నడవడం అందులో లేదు. కనిపెట్టడం అంటే పర్సెప్షన్ డైస్ వేసి 22 తెచ్చుకోవడమే అని బావ వాదన, కావలివాడికి కలిసేది రెండే కాబట్టి వాడికి ఇరవై పడితే తప్ప దొరకడు. అక్షరాలు పట్టుకుని చూస్తే ఆయన అన్నదాన్లో తప్పు పట్టడం కష్టం. కానీ వెలుతురులో ఎదురుగా నడిచొచ్చే మనిషి కనపడటానికి డైస్ ఎందుకు? పాత పుస్తకంలో ఒక మంచి మాట ఉండేది, పోరాటంలో అందరూ చుట్టూ చూసుకుంటూ ఉంటారు కాబట్టి చాటు వదిలి దగ్గరికి వస్తే మామూలుగా కనపడిపోతావని, అవతలివాడి ధ్యాస వేరే చోట ఉంటే డీఎం ఒప్పుకోవచ్చని. కొత్త రూల్ దగ్గర ఆ మాట లేదు. అది తీసేయడం నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే దొంగతనంగా దూరడంలో ఉండే టెన్షన్ అంతా అవతలివాడి చూపు ఎటు ఉందన్నదాన్లోనే ఉంటుంది.

ఆ రాత్రి ముక్కాల్ గంట వాదించుకున్నాం, టీ చల్లారిపోయింది. చివరికి మా పిన్ని కొడుకు ఒక మాట అన్నాడు. "అన్నా, మనం తెలుగులో ఆడుతున్నాం కదా, ఈయన మాయమయ్యాడా, దాక్కున్నాడా?" అంతే, అక్కడ తేలిపోయింది. మనకు ఇవి రెండు వేరే మాటలు. మాయమైనవాడు నడివీధిలో నిలబడినా కంటపడడు, దాక్కున్నవాడు చాటు ఉన్నంతసేపే. పుస్తకం రెండిటికీ ఒకే పేరు పెట్టి చిక్కు తెచ్చుకుంది. ఇన్విజిబుల్ కండిషన్‌లోనే, ఎవరైనా ఏదోరకంగా నిన్ను చూడగలిగితే వాడి మీద నీకు ఆ లాభం ఉండదని ఉంది. ఎదురుగా వెలుతురులో ఉన్నవాడిని మామూలు కళ్లతో చూడటం కూడా చూడటమే అని నేను చదువుకున్నాను, పైగా దాక్కోవడానికి పరిస్థితి సరిపోతుందా లేదా అన్నది ఇప్పటికీ డీఎం చేతిలోనే పెట్టారు.

అప్పుడే లైట్లార్పేసి సెల్‌ఫోన్ టార్చ్‌ను కాగడాలా పెట్టి చూశాం. స్టీలు గ్లాసు వెనక గింజ ఉంటే నీడలో కలిసిపోయింది. వేలెడంత పక్కకు జరిపితే మెరిసింది. పుస్తకం లెక్క ప్రకారం కాగడా ఇరవై అడుగుల వరకు వెలుతురు, ఆపైన ఇంకో ఇరవై మసక, ఆ తర్వాత చీకటి, కొత్త రూల్‌లో మసక ఒక్కటే ఉంటే దాక్కోవడానికి చాలదు. దారి అలా కళ్లకు కట్టాక బావే అన్నాడు, కావలివాణ్ణి రాయి విసిరి అటు తిప్పుకుంటానని. తిరిగాడు. బావ దాటేశాడు.

ఇంకో లోటు. వెతకకుండా మామూలుగా ఉన్నవాడు గమనిస్తాడా, అంటే పాసివ్ పర్సెప్షన్, దాని మాట దాక్కునే రూల్‌లో ఎత్తలేదు. ఎత్తినా, 15 దాటితేనే దాక్కున్నట్టు కాబట్టి, 12 ఉన్న మామూలు కావలివాడికి అది ఎప్పటికీ అందదు. అందుకే మా ఆటలో గట్టి కాపలా ఉన్న చోట ఒకడికైనా వెతికే పని పెడుతున్నాను.

ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, ఈ విషయంలో ముందుంది. అక్కడ కనపడుతున్నవాడు, ఎక్కడున్నాడో తెలిసినా కనపడనివాడు, ఎక్కడున్నాడో తెలియనివాడు, ఉన్నాడనే తెలియనివాడు అని నాలుగు రకాలు. రెండో రకంవాణ్ణి కొట్టాలంటే ముందు 11 పడాలి. గుర్తుపెట్టుకోవడం కష్టం, గొడవలు తక్కువ.

దాక్కునే రూల్స్ కోసమే అయితే పుస్తకం కొనకండి, 2025లో ఉచితంగా వదిలిన ఎస్ఆర్‌డీ 5.2లో (ఆట మూల రూల్స్ ఉన్న పత్రం) ఇవే ఉన్నాయి. రోగ్ ఆడాలనుకుంటే మాత్రం కొనండి. మొదటి రోజే మీ డీఎంని అడగండి, చాటు దాటితే ఏమవుతుందని. మా బావ ఇప్పుడు డైస్ ముట్టుకోకముందే అడుగుతున్నాడు, "వాడు ఎటు చూస్తున్నాడు?"