శాఖా గ్రంథాలయం: పన్ను ఎలాగూ కడుతున్నాం, పుస్తకం కూడా తెచ్చుకుందాం

ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్ అని ఒక గడి ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. ఏడాదికి 2,500 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం గ్రంథాలయానికి 200 రూపాయలు ఇస్తున్నట్టు లెక్క. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఈ సెస్ రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలోనూ కొనసాగుతోంది. అంటే మండల కేంద్రంలోనో వార్డులోనో ఉన్న శాఖా గ్రంథాలయం ఎవరో దయతలచి నడుపుతున్నది కాదు, మనం ముందే డబ్బు కట్టిన సేవ. కట్టిన డబ్బుకు ఏం వస్తోంది, ఏం రావడం లేదు, ఉన్నదాన్ని పూర్తిగా ఎలా వాడుకోవాలి అని చూడటం సబబే.

ముందు వేళలు. చిన్న శాఖలు ఎక్కువగా ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరుస్తారు. చాలా చోట్ల వారపు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఆదివారం మూసి ఉంటుందనుకుని రానివాళ్లు, శుక్రవారం వచ్చి తాళం చూసి తిరిగిపోయేవాళ్లు చాలామంది. పండగ సెలవులు విడిగా ఉంటాయి కాబట్టి వేళల బోర్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

పత్రికల గది ఈ సేవలో అన్నిటికంటే బాగా నడిచేది. తెలుగు దినపత్రికలన్నీ, ఇంగ్లిష్‌వి ఒకటి రెండు, వార పత్రికలు, ఉద్యోగ ప్రకటనల పత్రికలు దొరుకుతాయి. సభ్యత్వం అక్కర్లేదు, గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేస్తే చాలు. ఆ సంతకాన్ని తేలిగ్గా తీసుకోకండి. శాఖకు రోజుకు ఎంతమంది వస్తున్నారో పై అధికారులకు తెలిసేది ఆ లెక్కతోనే. లోపలికొచ్చి చదివి సంతకం చేయకుండా వెళ్లిపోతే మన శాఖకు మనమే పాఠకుణ్ని తగ్గించినట్టు. ఇక్కడ చిక్కు జిల్లా అనుబంధంతో. మెయిన్ పేపర్ నుంచి అది విడిపోయి ఏ బల్ల కిందో తేలుతుంది. సంపాదకీయం పేజీ బ్లేడుతో కోసుకుపోయే దురలవాటూ ఉంది. పోటీ పరీక్షల వాళ్లు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుంటే పని జరుగుతుంది, తర్వాత వచ్చే పదిమందికి పేపర్ మిగులుతుంది. పాత సంచికలు కావాలంటే శాఖలో వెతికి లాభం లేదు. చోటు చాలక కొన్నాళ్లకు తూకానికి వేసేస్తారు. అలాంటి అవసరానికి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాలి.

అసలు బలహీనత ఇంటికి పుస్తకం ఇచ్చే దగ్గరుంది. సభ్యత్వం తీసుకోవడం కష్టమేమీ కాదు. ఫారం, ఆధార్ జిరాక్స్, ఫొటో, తిరిగి ఇచ్చే డిపాజిట్ ఉంటే చాలు. డిపాజిట్ మొత్తం, ఒకేసారి ఎన్ని పుస్తకాలిస్తారు అన్నవి శాఖను బట్టి మారతాయి. గడువు సాధారణంగా రెండు వారాలు. కానీ సభ్యులు కమ్మని అడిగేవాళ్లు తక్కువ, అడగకపోయినా చెప్పే లైబ్రేరియన్లు ఇంకా తక్కువ. కారణం ఉంది. స్టాక్ తనిఖీలో ఒక్క పుస్తకం తగ్గినా జవాబు చెప్పాల్సింది లైబ్రేరియనే. చిరిగిపోయిన పుస్తకాన్ని లెక్కలోంచి తీసేయాలన్నా కాగితాల తతంగం చాలా ఉంటుంది. అందుకే అద్దాల బీరువాలకు తాళాలు పడతాయి, చదవడానికి పనికిరాని పుస్తకాలు అరల్లోనే ఉండిపోతాయి. తాళం చూసి వెనక్కి రాకండి. తాళం తీసి చూపించమని అడగడం పాఠకుడి హక్కు. "సార్, ఈ బీరువాలో నవలలు ఒకసారి చూడొచ్చా?" అని అడిగితే కాదనేవాళ్లు అరుదు.

బీరువా తెరిచాక కావలసింది ఎక్కడుందో పట్టుకోవడం ఇంకో విద్య. పుస్తకం వెన్ను మీద అతికించిన చీటీలో డ్యూయీ వర్గీకరణ అంకె, అంటే విషయాన్ని బట్టి పుస్తకానికి ఇచ్చే అంకె ఉంటుంది. తెలుగు సాహిత్యానికి 894.827. దాని పక్క అంకె 1 అయితే కవిత్వం, 2 అయితే నాటకం, 3 అయితే కథ, నవల, 4 అయితే వ్యాసం. వంటలు 641.5, భారతదేశ చరిత్ర 954. అంకె కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు రాస్తారు. గందరగోళం మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే తెలుగు పేరులో ఇంటిపేరు ముందుంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి పుస్తకం ఒక శాఖలో 'శ్రీ' దగ్గరుంటే ఇంకో శాఖలో 'సు' దగ్గరుంటుంది. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకటసుబ్బారావు. ఆయన పుస్తకం 'బు', 'శి' రెండు చోట్లా చూడాల్సిందే. ఒక చోట లేకపోతే పుస్తకమే లేదని తేల్చేయకండి. రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబరు (పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు దానికిచ్చే వరస నంబరు) వెతికించి, ఆ నంబరుతో అడగండి. పుస్తకం ఇంటికి తెచ్చుకునే ముందు పేజీలు తిరగేసి, చిరిగినవో ఊడినవో ఉంటే అక్కడే చూపించి చీటీ మీద రాయించుకోండి. లేకపోతే తిరిగిచ్చేటప్పుడు ఆ చినుగు మీ ఖాతాలో పడుతుంది.

శాఖల్లో కొత్త పుస్తకాలు తక్కువ. సెస్ వసూలు చేసేవి పంచాయతీలు, పురపాలక సంఘాలు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరితేనే కొనుగోళ్లు. బకాయిలు పేరుకుపోయిన చోట ఏళ్ల తరబడి కొత్త పుస్తకం రాదు. 1972లో ఏర్పడిన కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయంతో వచ్చే పుస్తకాలూ ఉంటాయి. పాత తెలుగు సాహిత్యంలో మాత్రం చిన్న శాఖ కూడా బలంగానే ఉంటుంది. బజారులో అచ్చు దొరకని పుస్తకం ఇక్కడ దుమ్ము కింద ఉండొచ్చు. ఏవి అడగాలో మా సలహా ఇది.

చదివే అలవాటు తప్పినవాళ్లు సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'తో మొదలుపెట్టాలి. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకం. కథలు చాలావరకు రెండు మూడు పేజీలే, బాపు బొమ్మలు. సాయంత్రం గంటసేపు గ్రంథాలయంలో కూర్చుంటే అక్కడే నాలుగైదు కథలు అయిపోతాయి, కార్డు కూడా అక్కర్లేదు. నవలే కావాలంటే డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చి 1958లో పుస్తకమైంది. అందులో ఇందిరను ఇష్టపడటమా వద్దా అని పుస్తకం మూసిన తర్వాత కూడా తేల్చుకోలేం. తన సంపాదనతో ఇల్లు నడుపుతూ తన బతుకును తనే నిర్ణయించుకునే ఆడపిల్లను ఆ రోజుల్లో అంత సూటిగా రాసినవాళ్లు అరుదు. ఇంట్లో అమ్మాయిలుంటే తప్పకుండా చదివించండి.

కోస్తావాళ్లు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' అడగాలి. పోలీసు చర్యకు ముందు తెలంగాణ పల్లె, గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు), వెట్టి ఎలా ఉండేవో పాత్రల మాటల్లోనే తెలుస్తుంది. ఉర్దూ కలిసిన ఆ యాస మొదటి ఇరవై పేజీల్లో కాళ్లకు అడ్డం పడుతుంది. అక్కడ ఆపేయకుండా పైకి చదివితే చెవి అలవాటవుతుంది. నవ్వుకోవాలనుకుంటే మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'. ఇది మూడు భాగాలు. శాఖల్లో మొదటి భాగం ఒక్కటే ఉండి, పాఠకులు కథ అంతటితో అయిపోయిందనుకోవడం మామూలే. మిగతా రెండూ ఉన్నాయా అని అడిగి మరీ తీసుకోండి.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను మాత్రం నవలలాగా వరసగా చదవకండి, మధ్యలో వదిలేస్తారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం అది. పాత కావ్యాల్లోని పద్యాలను సాక్ష్యంగా పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని చెబుతుంది. మీకు తెలిసిన కాలం అధ్యాయం ఏదో ఒకటి ముందు చదవండి. పక్కన నిఘంటువు ఉంటే సుఖం. 'శబ్దరత్నాకరం' రిఫరెన్స్ అరలో ఉంటుంది, ఇంటికివ్వరు. అందుకే ఈ రెండూ కలిపి గ్రంథాలయంలోనే చదువుకోవాల్సిన జత.

పిల్లలకైతే బైండు చేసిన పాత 'చందమామ' సంపుటాలు ఉన్నాయేమో మొదట అడగండి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో వాక్యం పొట్టిగా, తేటగా ఉంటుంది. తెలుగు చదవడానికి తడుముకునే ఎనిమిదేళ్ల పిల్లవాడికి అంతకంటే మంచి పాఠం లేదు. ఇంగ్లిష్ మీడియం పిల్లల చేతికి నేరుగా ఇస్తే అక్షరాలు చూసి బెదురుతారు. మొదటి అరపేజీ పెద్దవాళ్లు చదివి, కథ ముడిపడే చోట ఆపి, తర్వాతిది వాళ్లకే వదిలేయాలి.

పుస్తకాల ఆరోగ్యం గురించి ఒక మాట. చాలా శాఖలు పాత భవనాల్లో ఉన్నాయి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లుతుంది, ఆ గోడకు ఆనించిన బీరువాలో మొదట బూజు, తర్వాత చెదలు. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపి, అడుగు అర ఖాళీగా వదిలితే సగం నష్టం ఆగుతుంది. ఖర్చు లేని పని ఇది, అయినా ఎక్కడా జరగదు. అంతకంటే పెద్ద హాని సెల్లోటేపు. చిరిగిన పేజీకి వేసిన టేపు కొన్నేళ్లకు ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది, ఆ మచ్చ పోదు. పాత బైండరు పద్ధతే మేలు. మైదా ఒక వంతు, నీళ్లు ఆరేడు వంతులు, ఉండకట్టకుండా సన్నని మంట మీద ఉడికించిన జిగురు, పల్చని కాగితం ముక్క. పురుగు పట్టకుండా బైండర్లు ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి పిల్లల పుస్తకాలకు వద్దు. పాత బైండు పుస్తకాల పేజీలు ఉమ్ము తడితో తిప్పకూడదన్నది ఇందుకు కూడా.

కార్యక్రమాల్లో ప్రధానమైనవి రెండు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, ఎండాకాలంలో పిల్లల శిబిరాలు. వారోత్సవాల్లో వ్యాసరచన, క్విజ్, ముగ్గులు, ఉపన్యాసాలు వరసగా జరుగుతాయి. ఆ వారం రోజులూ గది కిటకిటలాడుతుంది, 21వ తేదీన మళ్లీ పేపర్ల గది ఒక్కటే నడుస్తుంది. వచ్చిన ప్రతి బడిపిల్లవాడికీ ఆ వారంలోనే సభ్యత్వ ఫారం చేతికిచ్చి, గెలిచినవాళ్లకు గిన్నెలు, షీల్డులు కాకుండా పుస్తకమిస్తే ఈ హడావిడికి ఫలితం ఉంటుంది. వేసవి శిబిరం ఇంతకంటే నయం, ఎందుకంటే అక్కడ పిల్లలు నిజంగా చదువుతారు. బాగా నడవాలంటే ఒక జట్టులో పదిహేను మందికి మించకూడదు, చదివే సమయం ముప్పావుగంట దాటకూడదు. యాభైమందిని ఒకే గదిలో కూర్చోబెడితే ముందు వరస తప్ప ఎవరికీ వినబడదు, మూడో రోజుకు సగం మంది రారు.

ఈ సేవలో మాకు అన్నిటికంటే లోటుగా కనిపించేది, పాఠకుడు వచ్చేదాకా పుస్తకం కదలకపోవడం. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమం అలా మొదలవలేదు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిపిన తరం పుస్తకాన్ని ఊరూరికీ మోసింది. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పారు. ఆ దారి ఇప్పటికీ పూర్తిగా మూసుకుపోలేదు. శాఖ లేని పల్లెల కోసం పుస్తక నిక్షిప్త కేంద్రాలనే ఏర్పాటుంది. దగ్గరి శాఖ నుంచి కొన్ని పుస్తకాలు తెచ్చి ఊళ్లో ఒకచోట ఉంచుతారు, కొన్నాళ్లకు మారుస్తారు. మీ ఊరికి అది కావాలంటే చోటు చూపించాలి, తాళంచెవికి బాధ్యత తీసుకునే మనిషిని చూపించాలి, ఊరివాళ్ల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టాలి. ఎక్కువగా బెడిసికొట్టేది తాళంచెవి దగ్గరే. ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషి ఊరెళ్లిన రోజు కేంద్రం మూతపడుతుంది. ఇద్దరి పేర్లు రాయండి. మొదటి విడతలో ఏ పుస్తకాలు రావాలో కూడా అర్జీలోనే రాయండి. రాయకపోతే శాఖలో ఎవరూ ముట్టనివి కట్టగట్టి పంపే ప్రమాదముంది.