ఏసీ బాగానే ఉంది, ఫ్యాను ప్లగ్గుతోనే చావొచ్చింది

మా కారు మైలేజీ, డిక్కీ, సీట్ల గురించి అందరూ రాసేశారు. నా కోపమంతా ఒక్క ప్లగ్గు మీద. రేడియేటర్ ఫ్యాను మోటారుకి వెళ్లే రెండు వైర్ల ప్లగ్గుని ఫ్యాను చట్రం కింది అంచున, ముందు చక్రాలు ఎగజిమ్మే బురదంతా తగిలే చోట బిగించారు. ముందువైపు రబ్బరు సీలు ఉంది గానీ, వైరు దూరే వెనకవైపు వదులు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వానాకాలంలో చప్టాల మీద నీళ్లు దాటే వాళ్లకి ఈ సంగతి ముందే తెలిస్తే మేలు.

ఈ బండి ఏసీకి తిరుగులేదని ఇదివరకు రాశాను. ఇప్పుడూ కాదనను. బండి కదులుతున్నంతసేపు ఆ మాట నిజమే. ఆగినప్పుడు మాత్రం ఏసీకి గాలి ఆడించాల్సింది ఈ రేడియేటర్ ఫ్యానే.

చిక్కేమిటంటే, నీళ్లు శ్రావణంలో తగిలితే జబ్బు వైశాఖంలో బయటపడుతుంది. ప్లగ్గులో చేరిన తడి రాగి మీద మెల్లగా పచ్చటి చిలుము పట్టిస్తుంది. చలికాలమంతా ఫ్యానుకి పెద్ద పనుండదు కాబట్టి ఎవరికీ తెలీదు. ఎండలు ముదిరాక, రైల్వే గేటు దగ్గరో బజార్లోనో బండి ఆగితే ఏసీలోంచి వేడిగాలి. నలభై స్పీడు అందుకోగానే మళ్లీ చల్లగా. ఈ లక్షణం కనబడితే ముందు అనుమానించాల్సింది ఫ్యానునే, గ్యాసుని కాదు.

కానీ జరిగేది వేరు. ఏసీ మెకానిక్ గ్యాస్ తగ్గిందంటాడు. గ్యాస్ ఒత్తిడి చూపే రెండు గేజీలు పెట్టమనండి. గ్యాస్ తగ్గితే రెండు ముళ్లూ కిందికే ఉంటాయి. ఫ్యాను నీరసిస్తే రెండూ పైకి పోతాయి. 134ఏ గ్యాస్ బళ్లలో మన ఎండలకి హై సైడు, అంటే కంప్రెసర్ నెట్టేవైపు ఒత్తిడి, 250 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉండాలి. 350 దాటి ఎగబాకుతుంటే గాలి ఆడడం లేదన్నమాట. 400 పైకి పోయాక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని కట్ చేస్తుంది. అప్పుడు గ్యాస్ ఎక్కిస్తే ఇంకా త్వరగా కట్ అవుతుంది. గేజీలు లేకపోతే బండి ముందు జాలీలోంచి కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) మీద రెండు చెంబుల నీళ్లు పోయండి. వెంటనే చల్లగాలి వస్తే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు.

ఆ తర్వాత అసలు తిరకాసు. ఎలక్ట్రీషియన్ ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టాడు, 12 ఓల్టులు చూపించింది. "కరెంటు వస్తోంది, మోటారు పోయింది, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నాడు. షోరూములోనూ అదే మాట. ఈ పరీక్ష చెల్లదు. ప్లగ్గు ఊడదీశాక కరెంటు పారదు. పారనప్పుడు చిలుము పట్టిన అతుకు కూడా నిండు ఓల్టేజీ చూపిస్తుంది. ప్లగ్గు పెట్టే ఉంచి, ఏసీ వేసి, ఫ్యాను తిరుగుతుండగా నల్ల (ఎర్తు) వైరు వెనకనుంచి గుండుసూది గుచ్చి, అక్కణ్ణించి బ్యాటరీ నెగెటివ్‌కి కొలవాలి. 0.2 ఓల్టుకి మించకూడదు. మా బండిలో 2.4 ఉంది! మోటారు బంగారంలా ఉంది, దానికి అందాల్సిన ఓల్టేజీ ఎర్తు అతుకులోనే పోతోంది.

ఫ్యాను అసలు తిరగకపోతే వరస వేరు. ఫ్యూజు చూడండి, తర్వాత అదే నంబరున్న హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా) తీసి ఫ్యాను రిలే చోట పెట్టి చూడండి. కొన్ని బళ్లలో లో స్పీడుకి విడిగా రెసిస్టర్ ఉంటుంది. అది తెగితే ఏసీ వేసినా ఫ్యాను కదలదు, ఇంజను బాగా వేడెక్కాక మాత్రం హై స్పీడులో గిర్రున తిరుగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేశాకే రెక్కని చేత్తో తిప్పండి, ఇంజను ఆపి ఉన్నా ఫ్యాను ఉన్నట్టుండి లేస్తుంది. బిగుసుకుని ఉంటే బేరింగులో బురద చేరినట్టే. అప్పుడు మాత్రం మోటారు మార్చక తప్పదు.

రిపేరుకి పెద్ద ఖర్చు కాలేదు. చిలుము పట్టిన వైరుని లోపల రాగి మెరిసేదాకా వెనక్కి కత్తిరించాలి. మాది నాలుగు వేళ్ల మేర నల్లబడింది, తొడుగు లోపల్నుంచే తడి పాకిపోయింది. కొత్త సీల్డ్ ప్లగ్గు క్రింప్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేసి, ప్లగ్గుని పై అంచుకి కట్టేశాం. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకి రావాలి, నీరు ఆ వంపులోనే కారిపోతుంది. ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టించుకోకండి, అది తడిని లోపలే పట్టి ఉంచుతుంది.

నీళ్లలో దిగేముందు ఏసీ ఆపేయండి. ఏసీ వేసుంటే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, నీటి దెబ్బకి రెక్క వంగి రేడియేటర్‌ని చీరేయొచ్చు.

బండి అమ్మను. మా వాడకం ఎక్కువగా రాయగడ రోడ్డు మీద ఆగకుండా పోయేదే, పైగా ఊళ్లోనే ఈ పని చేసిపెట్టే మనిషి దొరికాడు. రోజూ వాగు దాటేవాళ్లూ, వారంటీ పోతుందని వైరు కత్తిరించలేనివాళ్లూ మాత్రం కొనేముందు బానెట్ ఎత్తి, ఆ ప్లగ్గు ఏ ఎత్తులో ఉందో చూసుకోండి.