సరస్సు వదిలి కొండెక్కితేనే మజా: కోమోలో సైకిల్ మీద ఒక రోజు

ఇటలీలో కోమో సరస్సు అనగానే నీళ్ల ఒడ్డునే మెలికలు తిరిగే రోడ్డు కళ్లముందు మెదులుతుంది. నేనూ ఆ ఫోటోలు చూసే వెళ్లాను. రోజంతా తిరిగొచ్చాక చూసుకుంటే, నాకు నచ్చనిది ఆ రోడ్డొక్కటే.

బస సరస్సు ఒడ్డునే ఉన్న వరెన్నా ఊళ్లో. మిలాన్ నుంచి రైల్లో గంట పైచిలుకు, స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే దూరమే. కొండదారి మొదలయ్యేది అవతలి ఒడ్డున బెల్లాజియోలో, కానీ అక్కడికి రైలు లేదు, సామానుతో మళ్లీ ఫెర్రీ ఎక్కాలి. సరస్సు కనిపించే గది కావాలని ఎక్కువ డబ్బు కట్టాను. దండగ. తెల్లారగానే బయటపడి చీకటి పడ్డాక వచ్చేవాడికి ఆ కిటికీ ఎందుకు? పైగా సైకిల్ పెట్టుకునే చోటుందని బుకింగ్‌లో రాశారు. తీరా చూస్తే అది మెట్ల కింద చెత్తడబ్బాల పక్కన, తలుపైనా లేని మూల. లిఫ్ట్ లేదు. అద్దె సైకిల్ భుజానేసుకుని మూడో అంతస్తుకు మోసుకెళ్లి మంచం పక్కన నిలబెట్టాను.

అద్దె సైకిల్ షాపుకి మాత్రం పూర్తి మార్కులు. అతను నా ఎత్తు అడగలేదు, ఇంటి దగ్గర తొక్కే సైకిల్ సీటు ఎత్తు సెంటీమీటర్లలో అడిగి, టేపు పెట్టి కొలిచి బిగించాడు. తప్పు నాదే. వెనక పెద్ద గేరుకి ఎన్ని పళ్లున్నాయో అడగలేదు. 28. పళ్లు ఎక్కువుంటే ఎక్కడం తేలిక, ఆ కొండలకు 32 గానీ 34 గానీ ఉండాలి. అద్దెకు తీసుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క ముందే అడగండి.

కార్లు ఎక్కే ఫెర్రీలోనే సైకిల్‌నీ ఎక్కిస్తారు, దానికి వేరే టికెట్. పావుగంటలో బెల్లాజియో. ఊరు దాటీ దాటగానే ‘గిజాల్లో’ అనే కొండ ఎక్కుడు మొదలవుతుంది. మొత్తం 10 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి నాలుగు కిలోమీటర్లు ప్రాణం తీస్తాయి, వాలు 14 శాతం దాకా పోతుంది. మధ్యలో చివెన్నా ఊరి దగ్గర ఊపిరి పీల్చుకోనిచ్చి, చివరి కిలోమీటరులో మళ్లీ పట్టుకుంటుంది. చెస్ట్‌నట్ చెట్ల నీడలో వెళ్తుంటే ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్లుంటాయేమో, నన్ను దాటుతూ ‘ఫోర్సా’ (కానీయ్, కానీయ్) అని వెళ్లిపోయాడు. పలకరింపో జాలో తెలియలేదు.

పైన 754 మీటర్ల ఎత్తున ‘మడోన్నా దెల్ గిజాల్లో’ అనే చిన్న మేరీమాత చర్చి. ఈ మాతను 1949లో పోప్ పన్నెండో పయస్ సైక్లిస్టుల రక్షకురాలిగా ప్రకటించాడు. లోపల గోడల నిండా జెర్సీలు, కోప్పి, బార్టాలి, మెర్క్స్ లాంటి పాతతరం చాంపియన్లు తొక్కిన సైకిళ్లు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఫాబియో కాసార్తెల్లి సైకిల్ దగ్గర. ఈ కోమో కుర్రాడు 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. 1995 టూర్ ద ఫ్రాన్స్ రేసులో కొండ దిగుతూ పడి చనిపోయాడు. అదే సైకిల్, ముందుభాగం విరిగిపోయి ఉంది. బయటికొచ్చాక బ్రేకులు రెండూ ఒకసారి నొక్కి చూసుకున్నాను. పక్కనే 2006లో తెరిచిన సైక్లింగ్ మ్యూజియం ఉంది. టైముంటే చూడండి, చర్చిని మాత్రం వదలొద్దు.

అక్కడినుంచి అస్సో వైపు హాయిగా దిగి, మళ్లీ సొర్మానోకి ఎక్కాను. ఊరు దాటాక రెండు దారులు. ఒకటి మామూలు రోడ్డు, రెండోది పేరుమోసిన ‘మూరో’, అంటే గోడ. పొడవు రెండు కిలోమీటర్లు కూడా లేదు. సగటు వాలు 15 శాతం పైనే, ఒకచోట 25 దాటుతుంది. ఇక్కడ జరిగే పేరున్న ప్రొఫెషనల్ సైకిల్ రేసు లొంబార్దియాలో దీన్ని 1960 నుంచి మూడేళ్లు పెట్టి మానేశారు, మళ్లీ 2012లో తెచ్చారు. రోడ్డు మీద ప్రతి మీటరు ఎత్తుకూ ఒక అంకె రాసి ఉంటుంది. మామూలుగా సైకిల్ మీద అంకెలు పరుగెడతాయి, ఇక్కడ ఒక్కో అంకె ముందు చక్రం కిందికి రావడానికి మొరాయిస్తుంది. మూడొందల మీటర్లకే దిగిపోయాను. పెడల్‌కి బిగుసుకునే క్లీట్ షూలతో టకటకమంటూ తోసుకుంటూ నడిచాను. 28 పళ్లతో అంతే. మామూలు రోడ్డున వెళ్లినా చేరేది అదే కనుమకి, 1,124 మీటర్లకి. సరదాకి తప్ప మూరో అక్కర్లేదు.

కనుమ నుంచి సరస్సు ఒడ్డునున్న నెస్సో ఊరికి దిగే దారిలో జాగ్రత్త. 2020 లొంబార్దియాలో బెల్జియం స్టార్ రేసర్ రెమ్కో ఎవెనెపూల్ వంతెన గోడ మీదనుంచి లోయలోకి పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నది ఈ దిగుడులోనే. అంతటివాడికే తప్పలేదు, నేను మలుపు మలుపుకీ బ్రేకేశాను.

నెస్సో చేరేసరికి మూడైంది. రెండున్నర దాటితే ఇటలీలో చాలాచోట్ల వంట ఆపేస్తారు. దొరికింది శాండ్‌విచ్, కాఫీ. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే రేటు మారుతుంది.

ఇక ఆ ఫోటోల్లో రోడ్డు. నెస్సో నుంచి బెల్లాజియోకి దాదాపు 15 కిలోమీటర్లు. ఇటలీలో కుడివైపు తొక్కాలి, ఈ దిశలో సరస్సు ఎడమన ఉంటుంది. అంటే కుడి భుజానికి రాతిగోడ, ఎడమ మోచేతికి కార్ల అద్దాలు. రోడ్డు ఇరుకు. బస్సు వెనకే వస్తుంటే నీళ్ల వంక చూసే ధైర్యం ఎవరికుంటుంది? రెండుసార్లు ఆగి గోడకి అతుక్కుని దారిచ్చాను. మళ్లీ వెళ్తే ఇదే చుట్టు తిరగేసి తొక్కుతాను. అప్పుడు సరస్సు నా పక్కనే ఉంటుంది, పొద్దున్నే కాబట్టి బండ్లూ తక్కువ, చివర్లో గిజాల్లో కొండ దిగితే బెల్లాజియో.

ఫెర్రీ డెక్ మీద సైకిల్ ఆనించి నిలబడ్డాను. దాదాపు 55 కిలోమీటర్లే, కాళ్లకి మాత్రం వంద తొక్కినట్టుంది. వరెన్నా దీపాలు దగ్గరపడుతుంటే ఆ మూడంతస్తుల మెట్లు గుర్తొచ్చాయి.