నల్లగొండలో టూడీ ఎకో: పరీక్ష బాగుంది, రిపోర్టు సగమే

బీపీ, ఊబకాయం రెండూ ఉన్నవాళ్లకు ఈసీజీ ఒక్కటే చాలదు. ఛాతీ మీది కొవ్వు వల్ల సిగ్నల్ తగ్గి, గుండె గోడ మందమైనా ఈసీజీ మామూలుగానే కనిపించొచ్చు. పట్టణంలోని ఈ డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, ఓపికగా తీస్తారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి వదిలి ఆపమని, స్కానింగ్ చేసే పరికరాన్ని (ప్రోబ్) పక్కటెముకల సందులో కొంచెం కొంచెం జరుపుతూ బొమ్మ తేటపడేదాకా చూస్తారు. లావుపాటి వాళ్లకు ఈ ఓపికే ప్రాణం. అల్ట్రాసౌండ్ కిరణం ఏటవాలుగా పడితే గుండె గోడ ఉన్నదానికన్నా మందంగా కొలతకొస్తుంది.

పెద్ద లోపం రిపోర్టులోనే. గోడ మందం రాస్తారు. మగవాళ్లకు 10, ఆడవాళ్లకు 9 మి.మీ. దాకా మామూలే. గుండె కండరం బరువును మాత్రం శరీర ఉపరితల వైశాల్యంతో భాగిస్తారు. ఒళ్లు పెరిగితే వైశాల్యమూ పెరుగుతుంది, మందమైన గుండె కూడా నార్మల్‌ అని తేలిపోతుంది. ఎత్తును మీటర్లలో 2.7 ఘాతానికి పెంచి, దాంతో ఆ బరువును భాగించిన లెక్క అడిగి రాయించుకోండి. మగవాళ్లకు 48, ఆడవాళ్లకు 44 గ్రాములు దాటితే మందమైనట్టే.

బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ ఒకటే సైజు పెట్టుకోవడం అన్యాయం. దండచెయ్యి చుట్టుకొలత 32 సెం.మీ. దాటితే చిన్న పట్టీ బీపీని ఎక్కువ చేసి చూపిస్తుంది.

డాక్టరు బీపీ మందు గురించి విడమరిచి చెప్పడం మెచ్చుకోవాలి. ఒంట్లోని ఏసీఈ అనే ఎంజైము వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను రక్తనాళాలను బిగించడమే కాదు, గుండె కండరాన్నీ పెంచుతుంది. దాని ముడిసరుకును కొవ్వు కణాలూ అందిస్తాయి. ఆ ఎంజైమును ఆపే రామిప్రిల్ లాంటి మాత్ర మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు ఇక్కడే చేయించుకోవచ్చు.