గుంటూరు కరువు కాగితాల కోసం తిరిగిన ఊళ్ళు

ఇది రాయడానికి కారణం ఒక జిల్లా కేంద్రంలోని పాత రికార్డు గది. ఏ జిల్లా అన్నది చెప్పను. కానీ అక్కడ మమ్మల్ని తిప్పిన తీరు చెప్పకుండా ఉండలేను. రేపు ఇంకో పిల్ల పీహెచ్‌డీ గైడు ఇచ్చిన లేఖ పట్టుకుని అవే మెట్లు ఎక్కుతుంది కదా.

మా అక్క కూతురు పీహెచ్‌డీ చేస్తోంది. అంశం 1832-33 నాటి గుంటూరు కరువు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అనేవారు. అప్పటి జిల్లా జనాభా ఐదు లక్షలైతే అందులో మూడో వంతు దాకా పోయారని లెక్కలు చెబుతున్నాయి. ఇంత పెద్ద విషయానికి కాగితాలు ఒక్కచోట లేవు. ఒక రకం ఒక ఊళ్ళో, ఇంకో రకం ఇంకో ఊళ్ళో ఉన్నాయి. పిల్ల ఒక్కతే అన్ని ఊళ్ళూ ఎక్కడ తిరుగుతుందని తోడు బయలుదేరాను.

ముందు ఆ రికార్డు గది. సెక్షన్‌లో గుమస్తా లేఖ అటూ ఇటూ తిప్పి, "ఇది మా ఆఫీసుకి రాసింది కాదు కదండీ" అన్నాడు. లేఖలో మొదటి లైనే ఆ ఆఫీసు పేరు. వేలు పెట్టి చూపిస్తే, "అయితే సార్ రావాలి" అన్నాడు. సార్ క్యాంపులో ఉన్నారట. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలీదు. కూర్చోమని కూడా అనలేదు. వరండాలో కిటికీ గట్టు మీద కూర్చున్నాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అటెండరు పక్కకు పిలిచి, ఐదొందలు ఇస్తే పాత కాగితాల మూటలు దింపిస్తానన్నాడు. జిరాక్సుకి పేజీకి ఇరవై రూపాయలు వేరే. గేటు బయట షాపులో పేజీ రెండు రూపాయలే. మా అమ్మాయి, "ఇచ్చేద్దాం మామయ్యా, మనకి పని కావడం ముఖ్యం" అంది. నేను ఒప్పుకోలేదు. రసీదు ఇస్తే వెయ్యయినా కడతాను, రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వనని చెప్పేశాను. ఆ సాయంత్రమంతా అది నాతో మాట్లాడలేదు. దాని టెన్షన్ దానిది. గైడుకి జవాబు చెప్పుకోవాల్సింది అదే కదా.

మర్నాడు సార్ వచ్చారు, సంతకం పెట్టారు. తీరా చూస్తే మూటలు గదిలో లేవు. వెనక వరండాలో జనరేటరు పక్కన, గోడకి ఆనించి ఉన్నాయి. ఎర్రగుడ్డ వెలిసిపోయి మట్టిరంగుకొచ్చింది. ఒకటి విప్పితే పైన కాసిని కాగితాలు బాగానే ఉన్నాయి, లోపలంతా చెదలు పుట్ట పెట్టేశాయి. ఒక కాగితం పైకి తీశాం. నాలుగు అంచులూ మిగిలాయి. పై అంచున ఇంగ్లీషులో తేదీ, కింది అంచున తెలుగులో ఎవరో కరణంగారి సంతకం. మధ్యలో ఉండాల్సిన సంగతి లేదు. అమ్మాయి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. గుమస్తా మాత్రం మా స్లిప్పు మీద "దొరకలేదు" అని రాసి తన పని తాను చూసుకున్నాడు. ప్రజల రికార్డు ఇది, ఎవరి సొంత సొత్తూ కాదు. ఏ మూటలో ఏముందో జాబితా ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి మరీ వచ్చాను. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

ఆ ఊళ్ళో లాడ్జి రోజుకి 900. వేడినీళ్ళు వచ్చాయి, చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

అక్కడి నుంచి వేటపాలెం. చీరాలలో దిగి ఆటో మాట్లాడుకుంటే 200 తీసుకున్నాడు. సారస్వత నికేతనం 1918లో వి.వి. శ్రేష్ఠిగారు పెట్టిన గ్రంథాలయం. గాంధీగారి చేతికర్ర ఒకటి ఇక్కడ భద్రంగా ఉంది. కానీ పరిశోధకులు ఇంత దూరం వచ్చేది పాత పత్రికల కోసం. కరువు నాటికి తెలుగు పత్రికలు పుట్టలేదు. తర్వాతి తరాలు ఆ కరువు గురించి ఏం చెప్పుకున్నాయో చూడాలని మా అమ్మాయి ఆశ. 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక దాని చీటీలో ముందు రాసుకున్న పేర్లు.

అక్కడున్న పెద్దాయన లేఖ తీసుకుని టేబుల్ మీద పెట్టి, "ముందు ఏం కావాలో చెప్పమ్మా" అన్నారు. చెప్పింది. లోపలికెళ్ళి బైండు చేసిన సంపుటం మోసుకొచ్చి, బల్ల తుడిచి, తెరిచి చూపించారు. పాత న్యూస్‌ప్రింట్ పుల్లముక్కలా విరుగుతుంది. మూల పట్టుకుని తిప్పితే మూల మన చేతిలోకొస్తుంది. పై అంచు కింద అరచెయ్యి పూర్తిగా పెట్టి, రెండో చేత్తో కింద ఆనిస్తూ తిప్పాలి. అది ఆయన ఓపిగ్గా రెండుసార్లు చేసి చూపించారు. ఫ్యాను కూడా ఆపేశారు, ముక్కలు ఎగరకుండా. డబ్బు మాట ఎత్తలేదు. మేమే గ్రంథాలయానికి 500 విరాళం ఇచ్చి రసీదు తీసుకున్నాం. అమ్మాయి ముఖం అక్కడ తేటపడింది, మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడింది. చీరాలలో మెస్సు భోజనం 100, గోంగూర అదిరిపోయింది. వేటపాలెం వెళ్ళి జీడిపప్పు కొనకుండా రాకూడదు. అరకిలో 450 పడింది.

చెన్నై ప్రయాణం హాయిగా జరిగిపోయింది. ఎగ్మోర్ స్టేషన్ దగ్గర లాడ్జి మాత్రం మోసం. ఫోన్‌లో రూముకి 1,600 అన్నారు. వెళ్ళాక ఆ రూములు నిండిపోయాయి, ఏసీ ఒక్కటే ఉంది, 2,200 అన్నారు. రాత్రి పదకొండింటికి పిల్లతో ఎక్కడికి పోతాం? పొద్దున్నే ఎనిమిదికి తలుపు కొట్టి, చెక్ అవుట్ టైమ్ అయింది, ఇంకో రోజు డబ్బు కట్టమన్నారు. ఇరవై నాలుగు గంటల లెక్కా, పొద్దుటి లెక్కా అన్నది ఫోన్‌లోనే అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.

ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ 1909లో కట్టిన ఎర్ర భవనం. 1953 దాకా మనం మద్రాసు కిందే ఉన్నాం కాబట్టి కోస్తా, రాయలసీమ జిల్లాల పాత ప్రభుత్వ ఉత్తరాలు ఇక్కడ దొరుకుతాయి. సెయింట్ జార్జి కోట రికార్డులైతే 1670 నుంచీ ఉన్నాయి. కరువు చూసేవాళ్ళు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్‌తో మొదలుపెట్టాలి. కలెక్టరు రాసిందీ, బోర్డు జవాబిచ్చిందీ వరసగా చేతిరాతలో ఉంటాయి. సిరా ఇటు పేజీ నుంచి అటు పేజీకి ఊరి ఉంటుంది, భూతద్దం తప్పనిసరి. ఇంకో సంగతి. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేశారు, 1904లో మళ్ళీ ఏర్పాటు చేశారు. ఆ మధ్యకాలం కాగితాల కోసం గుంటూరు పేరుతో వెతికితే ఏమీ రాదు, కృష్ణా జిల్లా కింద చూడాలి.

కోట్టూరుపురం అన్నా శతాబ్ది గ్రంథాలయం ఏడో అంతస్తులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. ఆటోకి 250. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి, 1821లో చనిపోయిన కల్నల్ మెకంజీ సేకరణలో చెన్నైకి దక్కిన భాగం ఇక్కడే ఉంది. ఆయన పేరు అందరికీ తెలుసు. ఊరూరూ తిరిగి కరణాల దగ్గర కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిన కాగితాలు, సేకరించే పనిని ముందుండి నడిపించింది మాత్రం మన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్ళకి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదని నాకు బాధ. కైఫీయతులు కరువుకి ముందువి. అందుకే మా అమ్మాయికి అవి బంగారం. కరువు రాకముందు ఏ ఊళ్ళో చెరువు ఉండేది, ఏ పంట పండేది, ఊరు ఎట్లా ఉండేది అన్నది వాటిలో ఉంటుంది. గుంటూరు ప్రాంతం కైఫీయతులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. ముందు అవి చదివి, అనుమానం వచ్చిన చోటే చేతిరాత ప్రతి అడగండి. తాళపత్రాలకైనా కాగితానికైనా చేతులు తగలడం ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంట్లో కూర్చుని చూడగలిగినవి కూడా తక్కువేం కాదు. శోధగంగ అనే వెబ్‌సైటులో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి, అన్నీ ఉచితం. ఒక్కో అధ్యాయం విడి ఫైలుగా వస్తుంది, చివర ఉండే ఆధారాల పట్టికను ముందు దించుకోండి. మీ అంశం మీద ఇదివరకు పనిచేసినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ కట్టలో ఏం చూశారో అందులో నంబర్లతో సహా ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి, కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. ఒక స్పెల్లింగుతో దొరకకపోతే ఒత్తు తీసేసి, దీర్ఘం తగ్గించి, రచయిత ఇంటిపేరుతో మళ్ళీ వెతకండి.