కార్డు స్విచ్చులకు ఐదు స్టార్లు, కస్టమర్ కేర్‌కు ఒకటిన్నర

మా బాపు ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన పింఛను ఖాతా, డెబిట్ కార్డు వ్యవహారం చూసేది నేను. హన్మకొండలో నాకు బ్లౌజులు కుట్టే షాపుంది. ఈ రివ్యూ ఆయన బ్యాంకు యాప్‌లో ఉండే 'కార్డ్ కంట్రోల్' గురించి, అంటే కార్డు ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ వద్దో మనమే స్విచ్చు వేసి తీసుకునేది. బ్యాంకు పేరు వద్దులెండి, మీ బ్యాంకు యాప్‌లోనూ ఇలాంటిదే ఉంటుంది, వెతకండి.

నిరుడు బాపు వాట్సాప్‌కి ఒక ఫైల్ వచ్చింది. పేరు 'ఆర్టీఓ చలాన్', చివర ఏపీకే, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్. పంపింది ఆయనతో డిపోలో పనిచేసిన దోస్తు నంబరు. ఆ దోస్తు ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉందని మాకు తర్వాత తెలిసింది. బాపు టీవీఎస్ ఎక్సెల్ మీద హెల్మెట్ లేకుండా తిరుగుతాడు, అందుకే చలాన్ అంటే అనుమానం రాలేదు. ఫైల్ ఇన్‌స్టాల్ చేశాడు. అది మెసేజ్‌లు చదవనివ్వమంది, ఇచ్చాడు. ఒక్క రూపాయి కట్టమంది, కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు కొట్టాడు.

డబ్బు పోయినట్టు ఆయన ఫోన్‌కి మెసేజే కనపడలేదు. వచ్చినవి వచ్చినట్టు ఆ దొంగ యాప్ మింగేసింది. బాపుకి ఈమెయిల్ లేదని ఖాతా తెరిచినప్పుడు నాది రాయించాను, అదే కాపాడింది. పదకొండున్నరకి నేను పట్టు బ్లౌజు కత్తిరిస్తుంటే మెయిల్: 19,999. నాలుగు నిమిషాలకు ఇంకోటి: 9,500. కత్తెర అక్కడే పడేసి రెండు గల్లీలు ఉరికాను.

నా తప్పు కూడా చెప్పాలి. 2020లో ఆర్బీఐ రూలు మార్చింది. కొత్త కార్డు చేతికొచ్చినప్పుడు ఏటీఎంలో, దుకాణం మిషన్లో మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్, విదేశీ, పిన్ లేకుండా తాకించే వాడకం మూడూ ఆఫ్‌లోనే ఉంటాయి, మనం కావాలని వేసుకుంటేనే పడతాయి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం ఆన్‌లైన్ స్విచ్చు వేసింది నేనే. దర్శనమైంది, లడ్డూలు అయిపోయాయి, స్విచ్చు మాత్రం అలాగే ఉంది. పైగా లిమిట్ యాభై వేలు!

ఇక యాప్ సంగతి. సర్వీసెస్‌లోకి పోయి, కార్డ్స్ నొక్కి, ఇంకో రెండు మెట్లు దిగితే ఐదు స్విచ్చులు కనపడతాయి: ఏటీఎం, స్వైప్ మిషన్, ఆన్‌లైన్, తాకించేది, విదేశీ. ప్రతిదాని కింద రోజు లిమిట్ గీత. ఇంత పనికొచ్చేదాన్ని అంత లోపల ఎందుకు దాచారో. ఆన్‌లైన్ ఆఫ్ నొక్కాను. ఓటీపీ అడిగింది! ఆ ఓటీపీని దొంగ యాప్ మింగుతుంటే నాకెలా కనపడుతుంది? వేయడానికి ఓటీపీ అడగండి, తప్పులేదు. ఆపడానికీ అడిగితే ఇల్లు తగలబడుతుంటే నీళ్ల ట్యాంకుకి తాళం వేసినట్టే.

కార్డు వెనకున్న కస్టమర్ కేర్ నంబరుకి చేశాను. భాష ఎంచుకో, లోన్లకు రెండు నొక్కు, కొత్త క్రెడిట్ కార్డు ఆఫర్ విను... మోసం జరిగిందని చెప్పే అంకె ఆఖరున. ఆ అంకె నొక్కితే పాట. ఒకటిన్నర స్టార్లు, ఆ అర కూడా పాట బాగుందని.

అప్పుడు తట్టింది. బాపు ఫోన్లోంచి సిమ్ పీకి, నా ఫోన్ రెండో స్లాట్లో వేసి, అదే యాప్ నా దాంట్లో దింపి రిజిస్టర్ చేశాను. ఓటీపీ నాకొచ్చింది, స్విచ్చు ఆగింది. కాసేపటికే మూడో మెయిల్: ఇరవై వేల లావాదేవీ, ఆన్‌లైన్ వాడకం ఆపి ఉన్నందున తిరస్కరించాం. ఐదు స్టార్లు ఆ ఒక్క మెయిల్‌కే. ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుని కార్డు మొత్తం బ్లాక్ చేశాను.

వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఖాతా నంబరు, లావాదేవీ నంబర్లు, టైం అడిగారు. మెసేజ్‌లో ఫిర్యాదు నంబరొచ్చింది, మిగతా వివరాలు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నింపాను. 9,500 ఏదో వాలెట్ దాటకముందే నిలబెట్టారు. అది చేతికి రావడానికి నెలలు పట్టింది. లోక్ అదాలత్‌కి రమ్మంటే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని పోయి తెచ్చుకున్నాడు. 19,999 మాత్రం గోవిందా.

దానికోసం బ్రాంచిలో కొట్లాడాను. 2017 నాటి ఆర్బీఐ రూలు చూపించాను: మన తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల పోయి, మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం లేదు. మేనేజర్ గారు అదే కాగితంలో ఇంకో పేరా చూపించారు: కస్టమరే వివరాలిస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది కస్టమర్‌దే, చెప్పాక పోయేదే బ్యాంకుది. బాధగా ఉన్నా ఆయనన్నది తప్పు కాదు. బాపుని మాత్రం ఏమీ అనలేకపోయాను, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇప్పటి ఏర్పాటు ఇదీ. పాత ఫోన్ మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టాం. కొత్త కార్డులో ఆన్‌లైన్, విదేశీ, తాకించేది ఆఫ్. తాకించేదాంట్లో 5,000 వరకు పిన్ అడగరు, కార్డు జేబులోంచి జారితే చాలు. ఏటీఎం లిమిట్ ఐదు వేలకు దించాం. చాయ్, పాలకి ఫోన్‌పే వేరే ఖాతాతో, అందులో రెండు వేలకు మించి ఉంచం. ఆధార్ వేలిముద్రను కూడా లాక్ చేశాం, అది వేసి డబ్బు తీసే మిషన్లు ఊరూరా ఉన్నాయి కదా.

యాప్‌లో ఇంకో లోపం, తెలుగు. తాకించే వాడకాన్ని, అదే 'కాంటాక్ట్‌లెస్'ని, 'స్పర్శరహితం' అని రాశారు. "గిదేం ముచ్చట బిడ్డా, మెషిన్ల పెట్టకుంటే ఎట్ల గుంజుతది?" అని బాపు అడిగితే నాకు చెప్పేసరికి చాలా సేపు పట్టింది.

స్విచ్చులు మాత్రం ఇప్పుడు ఆయనే వేస్తాడు, తీస్తాడు. మొన్న పెట్రోల్ బంకు నుంచి ఫోన్.

"బిడ్డా, కార్డు గీకుతలేదు."

"స్వైప్‌ది బంద్ పెట్టినవ్ బాపు, రెండోది చూడు."

"ఆఁ, ఏసిన. అయింది. మళ్ల బంద్ చేస్త."

"హెల్మెట్ పెట్టుకున్నవా?"

ఫోన్ కట్.